కుంకుమ బొట్టున్న డ్రిల్లింగ్ మిషన్

1989 జూన్ పన్నెండో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, హోసూరులో అప్పటికి రెండు గదుల కార్యాలయంతో నడుస్తున్న మా భవన నిర్మాణ సంస్థలో శ్రీ వెంకటరామప్పగారు స్టోరు సహాయకులుగా చేరారు. ముప్పయ్యారేళ్లకు పైబడిన అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ అక్టోబరు ముప్పయ్యొకటో తేదీన ప్రధాన స్టోరు కీపరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భాన వెలువడుతున్న సంచికకు వారిని గురించి నాలుగు మంచి మాటలు రాయమని సంచిక బాధ్యత చూస్తున్న ప్రసాదుగారు నన్ను ఆదేశించారు. మంచి మాటలకు కొదవ లేదు. అయితే వారితో పదహారేళ్లు కలిసి పనిచేసిన ఇంజనీరుగా నేను రాసి తీరవలసిన సంగతి ఒకటుంది. అది వారికి కీర్తి, నాకు తలవంపు. దాన్ని దాటవేసి మిగతావి మాత్రమే రాస్తే ఈ వ్యాసం కూడా ఒక దొంగతనమే అవుతుంది.

వెంకటరామప్పగారు కల్లావి దగ్గరి వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. సంస్థలో తొలి అయిదేళ్లూ మేకులు తూచి ఇవ్వడం, సిమెంటు బస్తాలు దింపించుకోవడం, తాపీలు కడిగి సర్దడం వారి విధులు. 1994లో కృష్ణగిరిలో కల్యాణ మండపం కడుతున్నప్పుడు జరిగిన సంఘటన తమ కళ్లు తెరిపించిందని వారు పలుమార్లు చెప్పారు. బస్తాల మీద కప్పిన టార్పాలిన్ పట్టను ఎవరో ఎత్తుకుపోయారు. ఆ మధ్యాహ్నమే వాన దంచి కొట్టింది. పట్ట ఒక్కటి పోతే దాని కిందున్న నూటపది బస్తాల సిమెంటు రాయై కూర్చుంది. గట్టిపడిన ఆ బస్తాలను పారేయడానికి వెంకటరామప్పగారు ఒప్పుకోలేదు. వాటిని స్టోరు వాకిలి ముందు మెట్లుగా పేర్పించారు. నాటి నుంచి ఏ సైటులోనైనా గట్టిపడిన మొదటి బస్తాయే అక్కడి స్టోరుకు తొలి మెట్టు అవుతున్నది.

1997లో వారు స్టోరు కీపరుగా పదోన్నతి పొందారు. ఆ ఏడే స్టోరు గోడకు సున్నం కొట్టించి, ప్రతి పనిముట్టునూ గోడకు ఆనించి పట్టుకుని, దాని చుట్టూ ఎర్ర రంగుతో గీత గీశారు. సుత్తి చోట సుత్తి ఆకారం, రంపం చోట రంపం ఆకారం, వాటి నడుమ తగిలించడానికి మేకులు. సాయంత్రం వస్తువులన్నీ తిరిగి వస్తే గోడ నిండుగా ఉంటుంది. ఒక్కటి రాకపోయినా దాని ఆకారం ఖాళీగా కనబడుతుంది. "రాసినదాన్ని నూరు మంది చూడరు సార్, గోడనైతే అందరూ చూస్తారు" అని వారి వాదం. మా ఇంజనీర్లు కంప్యూటర్లో ఎన్ని పట్టికలు తయారు చేసినా ఆ గోడకు సాటి రాలేదని సవినయంగా అంగీకరిస్తున్నాను.

2009లో నేను కొత్తగా చేరిన రోజున వారు నా చేతికి ప్లానులు ఇవ్వలేదు, ఒక ఖాళీ బకెట్టు ఇచ్చారు. "రండి సార్, ఒకసారి తిరిగొస్తాము" అన్నారు. బాగలూరు రోడ్డులో ఏడంతస్తుల భవనం అది. కింది అంతస్తు ఒక్కటి తిరిగేసరికి బకెట్టు నిండిపోయింది. వంగిన మేకులు, కట్టుతీగ చుట్టలు, సగమే అరిగిన కటింగ్ చక్రాలు, కడగక ఎండిపోయిన బ్రష్షులు, జానెడేసి ఇనుప కమ్మి ముక్కలు. రెండు చేతులా ఎత్తలేని బరువది. నేను బిత్తరపోయి చూస్తుంటే వారు నెమ్మదిగా అన్నారు:

"ఇది దొంగతనం గాదు సార్. దీన్ని ఎవురూ ఎత్తుకుపోలేదు. పారేసినాము, అంతే. ఇంగా ఆరు అంతస్తులు ఉండాయి."

ఇంజనీరింగు చదివిన నాలుగేళ్లలో ఈ పాఠం నాకెవరూ చెప్పలేదు. ఆ నెలలోనే నేను దొంగతనం మీద, దుబారా మీద కత్తి కట్టినవాణ్నయ్యాను. గేటు దగ్గర సంచులు విప్పించాను. మేస్త్రీల టిఫిను క్యారియర్లు కూడా తెరిపించాను. నన్ను చూసి కూలీలు దూరంగా తొలగేవారు. అది గౌరవమని నేను మురిసిపోయాను. వెంకటరామప్పగారికి నా పద్ధతి నచ్చలేదు. "సంచి చూస్తే సిగ్గు పడతాడు సార్, సామాను మాత్రం ఇయ్యడు" అనేవారు.

వారు తమదైన పద్ధతిని 2011లో ప్రవేశపెట్టారు. మన ప్రాంతంలో ఆయుధ పూజ నాడు పనిముట్టును పూజకు పెట్టనివాడు లేడు. దాన్ని ఆధారం చేసుకుని, పూజకు ముందు మూడు రోజులు పగలంతా స్టోరు తలుపు తెరిచే ఉంచి, తాము ఆ ఛాయలకు రాకుండా ఉండే ఆచారం పెట్టారు. ఎవరింట్లో సంస్థ సామాను ఉన్నా తెచ్చి పూజ కుప్పలో పెట్టేయవచ్చు. తెచ్చిందెవరని అడగరు, తెలిసినా పేరు తమ నోట రాదని అందరి ముందూ చందనం గిన్నె పట్టుకుని మాటిచ్చారు. మొదటి ఏడే ముప్పయ్యొక్క వస్తువులు తిరిగి వచ్చాయి. వాటిలో ఒక తోపుడు బండి ఉంది. గేటు, వాచ్‌మన్, నేను, ఇంతమందిమి ఉండగా చక్రాల బండి బయటికి ఎలా పోయిందో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. ఎలా పోయినా తిరిగి వచ్చింది కదా అని వారు దానికి చందనం పూసి బొట్టు పెట్టారు.

ఇక 2018. పూజకు ముందు రోజు, బుధవారం. మూకండపల్లిలో నేను కొత్తగా కట్టుకున్న ఇంటికి కిటికీ తెరల కడ్డీలు బిగించాలి. సాయంత్రం తెరిచి ఉన్న స్టోరులోకి వెళ్లి, గోడ మీది డ్రిల్లింగ్ మిషన్ తీసి కారులో పెట్టుకున్నాను. తీసుకున్నట్టు చీటీ రాయలేదు. ఇంజనీరుకు చీటీ ఏమిటి! మర్నాడు కడ్డీలు బిగించాను. నా భార్య సౌందర్య ఇంట్లోని కత్తెర, మిక్సీ, సైకిలుతో పాటు ఆ మిషన్‌కూ కుంకుమ బొట్టు పెట్టి పూజ చేసింది. పూజ సామగ్రితో పాటు అదీ అటక ఎక్కింది. నేను మరిచిపోయాను. నిజం చెప్పాలంటే, నా మనసులో అది సైటు నుంచి తెచ్చిన వస్తువు కాదు, ఇంట్లో ఉన్న వస్తువు.

పదిహేను రోజుల తరువాత గోడ మీద ఖాళీ ఆకారం గురించి విచారణ జరిగింది. చివరి చీటీ ఎలక్ట్రికల్ సహాయకుడు మునెప్పది. పదేళ్లుగా మాతో ఉన్న మనిషి.

"నేను తెచ్చి తగిలించినా సార్. తలుపు తెరిచి ఉండె, లోపల ఎవురూ లేరు. ఆ ఎర్ర గీత మీద సరిగ్గా పెట్టినా, చీటీ చింపేదానికే మనిషి లేకపాయ" అన్నాడు మునెప్ప.

మా అటక మీది మిషన్ నాకు స్ఫురించనే లేదు. ఆ సమావేశంలో అందరికంటే పెద్ద గొంతు నాదే. వెంకటరామప్పగారు లేచి, "వాని చెయ్యి నాకు తెలుసు సార్. వాన్ని పొమ్మనొద్దండి" అన్నారు. అప్పుడు నేను వారితో, నాకంటే పద్నాలుగేళ్లు పెద్దవారితో, పదిమందిలో అన్న మాట ఇది: "అయితే మీరే తీశారా?" వారు తిరిగి కూర్చున్నారు. మునెప్పను పొమ్మన్నారు. అతను తన పనిముట్ల సంచి బల్ల మీద బోర్లించి, ఏదీ సంస్థది కాదని చూపించి వెళ్లిపోయాడు. మా సైట్లలోనే గోడలకు నీళ్లు పట్టే అతని భార్య కెంపమ్మ కూడా ఆ రోజు నుంచి పనికి రాలేదు.

మరుసటి ఏడు ఆయుధ పూజకు అటక దులుపుతుంటే మిషన్ నా చేతికి తగిలింది. ఏడాది పాటు గేటు దగ్గర కూలీల సంచులు విప్పించిన మనిషిని నేను. దొంగ సొత్తు నా నెత్తి మీదే ఉంది. అప్పుడు సంస్థకు వెళ్లి చెప్పవలసింది. చెప్పలేదు. కిరోసిను గుడ్డతో మిషన్ తుడిచి, బియ్యం సంచిలో చుట్టి, మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు తెరిచి ఉన్న స్టోరులో కుప్ప మీద పెట్టి వచ్చాను. వారు దయతో పెట్టిన ఆచారం నాకు దాక్కునే చోటయింది.

పూజ నాడు ఒక్కో వస్తువుకూ చందనం పెడుతూ వస్తున్న వెంకటరామప్పగారు మిషన్ దగ్గర ఆగిపోయారు. వెనుకవైపు గాలి పోయే సందుల్లో ఎండిన పాత కుంకుమ నేను తుడవలేకపోయాను. వారు దాన్ని గోటితో గీకి చూసి, ఎవరితోనూ కాక తమలో తామే అన్నారు:

"దొంగ అయినోడు దొంగ సామానుకు కుంకం పెట్టడు. నాదే అనుకున్నోడే పెడతాడు."

నా చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం, "చూసినావా, మునెప్ప భయపడి ఎవురి చేతనో పంపించినాడు" అని గుసగుసలాడారు. వస్తువు తిరిగి రావడంతో నా తప్పు కడుక్కుపోతుందని అనుకున్నాను. అది మునెప్ప మీద ముద్ర వేసింది. అందరూ బొరుగులు, శనగలు పంచుకోవడానికి వెళ్లాక నేను వెంకటరామప్పగారి ముందు నిలబడి నిజం చెప్పాను. వారు సిమెంటు బస్తా మెట్టు మీద కూలబడిపోయారు. పదేళ్లుగా నన్ను సార్ అని తప్ప పిలవనివారు తలెత్తి అడిగారు:

"నువ్వా అప్పా?"

మళ్లీ వారే అన్నారు: "కుప్పలో పెట్టినోని పేరు చెప్పనని మాటిచ్చినా. నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు."

మునెప్ప నిర్దోషి అని తమ హామీ మీద వారు సంస్థ చేత రాయించారు. బాగలూరులో గులాబీలు పెంచే షెడ్డులో పనికి కుదిరిన అతన్ని స్వయంగా వెళ్లి పిలిచారు. అతను రాలేదు. "మిషను ఎవురింట్లో దొరికిందో చెప్పకుండా పిలిస్తే, నేనే తెచ్చి పెట్టినానంటారు కదన్నా" అన్నాడట. అది ముమ్మాటికీ నిజం. నేను మాత్రం వచ్చే నెల, వచ్చే ఏడు అనుకుంటూ ఆరేళ్లు గడిపాను. ఈ ఆరేళ్లలో వెంకటరామప్పగారు నన్ను ఒక్కసారి కూడా నిలదీయలేదు. అయితే మిషన్‌ను గోడకు తగిలించనూ లేదు. కింద అరలో గుడ్డ కప్పి ఉంచారు. ఏటా పూజకు ముందు ఆ ఖాళీ ఆకారం చుట్టూ ఎర్ర రంగు కొత్తగా వేసేవారు. కొత్తవాళ్లు ఎందుకని అడిగితే, "దాన్ని తగిలించే మనిషి ఇంగా రాలేదు" అనేవారు. అప్పుడు నేను అక్కడి నుంచి తప్పుకునేవాణ్ని.

వారి పదవీ విరమణ తేదీ ప్రకటించిన రోజున నాకు కలిగిన మొదటి భావం, రాయడానికి చెయ్యి రావడం లేదు, ఊరట. నా తప్పు తెలిసిన ఒక్కరూ వెళ్లిపోతున్నారన్న ఊరట. నాలో ఇంత నీచం ఉందా అని నేనే అదిరిపడ్డాను. గడిచిన ఆదివారం బాగలూరు వెళ్లి మునెప్పకూ కెంపమ్మకూ అంతా చెప్పాను. కెంపమ్మ చేతిలోని గులాబీల కట్ట కింద పడిపోయింది. మునెప్ప అడిగాడు:

"వెంకటరామన్నకు తెలుసునా?"

"తెలుసు. ఇచ్చిన మాట కోసం చెప్పలేదు."

"ఆయనను ఇంత కాలం దీంట్లో పెట్టినావు కదా సార్! నేను షెడ్డుకు వచ్చి మరిచిపోయినా. ఆయన దినమూ ఆ గోడను చూసినాడే!" కింద పడిన గులాబీలు ఏరుతూ మళ్లీ అన్నాడు: "ఈడ నా ముందర చెప్పేది ఏమి గొప్ప? నన్ను పొమ్మన్నది ఆడ. ఆడ చెప్పు."

అందుకే ఇక్కడ చెబుతున్నాను. సహోద్యోగులారా, 2018లో ఆ మిషన్ తీసినది తిమ్మరాజు అనే నేను. మునెప్ప కాదు. వెంకటరామప్పగారు అసలే కాదు. ఈ సంచిక అచ్చుకు పోకముందే సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేశాను. సంస్థ విధించే శిక్ష ఏదైనా శిరసావహిస్తాను. ఆనాడు పదిమందిలో అన్న మాటకు పదిమంది ముందూ వెంకటరామప్పగారి పాదాలకు నమస్కరించి క్షమాపణ వేడుకుంటున్నాను.

మాన్యులు వెంకటరామప్పగారు, వారి ధర్మపత్ని శ్రీమతి మునిలక్ష్మమ్మగారు నిండు నూరేళ్లు ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో, ఇతరుల తప్పులు మోయవలసిన అవసరం లేని హాయితో జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. ముప్పయ్యొకటో తేదీ ఉదయం సభకు ముందు, పది గంటలకు అందరూ స్టోరు దగ్గరికి రావలసిందిగా ప్రార్థన. మునెప్ప, కెంపమ్మ వస్తామన్నారు. వెంకటరామప్పగారు కోరిన సన్మానం ఇదొక్కటే: తాము తాళం చెవులు అప్పగించే ముందు, మునెప్ప తన చేత్తో ఆ మిషన్‌ను గోడకు తగిలించాలి.