లేత పచ్చ అని రాయి

హలో, అరసీ… ఆ, నేనే, కెమిస్ట్రీ మిస్‌ని. ఎక్కడున్నావు?…

బస్సెక్కేశావా? దిగిపో… ముందు దిగవే, తర్వాత చెప్తాను. కండక్టర్ తిడితే తిట్టనీ.

… దిగావా? కాస్త నీడలోకి వెళ్ళి నిలబడు. విను.

పొద్దున ప్రాక్టికల్‌లో నీ సాల్ట్ తప్పయింది. ఫెయిలు… అవును, నువ్వే. పన్నెండు మందిలో నువ్వొక్కదానివే.

ఏడవకు… ఏడవకంటున్నానా!

నువ్వు ఫెర్రిక్ అని రాశావు. బయటి స్కూలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు కాగితంలో ఫెర్రస్ అనుంది… రెండూ ఇనుమేనని నాకూ తెలుసు. ఆయనకి కావలసింది ఫెర్రస్.

లాబు ఆయా ముత్తమ్మ చెప్పలేదా నీకు? టెస్ట్‌ట్యూబులు అందిస్తూ అందరి చెవిలోనూ ఊదిందే, అన్నభేది, లేత పచ్చ, ఫెర్రస్ అని రాయండని… చెప్పిందా! మరి?…

…

ఊఁ… ఆ సాల్ట్ తుప్పు రంగులోనే ఉంది. కాస్టిక్ సోడా పోస్తే ఎర్రమట్టిలా దిగింది. నేనూ చూశాను. నువ్వు రాసిందే సరి —

అరవకు! సరి అన్నాను. మార్కులొస్తాయని అనలేదు.

ఆ సీసా నేనీ బడికి రాకముందుది. నేనొచ్చే పదకొండేళ్ళయింది. మూత పట్టదు. గాలి తగిలి తగిలి ఫెర్రస్ కాస్తా ఎప్పుడో ఫెర్రిక్ అయిపోయింది. కొత్తది పంపండి మహాప్రభో అని పై ఆఫీసుకి ఏటా రాస్తున్నాను. ముందు మగపిల్లల బడికట, ఆడపిల్లలకి తర్వాతట. ఆ తర్వాత అనేది నేను రిటైరయ్యాక వస్తుందేమో…

చెప్పకేం? ఎగ్జామినర్‌తోనూ చెప్పాను. సీసా పాడైంది సార్, ఈ పిల్ల ఒక్కతే ఉన్నది ఉన్నట్టు రాసిందీ అని. ఏమన్నాడో తెలుసా? 'పదకొండు మందికి పచ్చగా కనిపించింది మేడమ్, ఈ అమ్మాయికి కళ్ళద్దాలు పెట్టించండి' అన్నాడు. మా హెడ్‌మిస్ట్రెస్ తెప్పించిన మటన్ బిర్యానీ తిని, పళ్ళు కుట్టుకుంటూ. ఆవిడా నవ్వింది…

నేనా?… నవ్వలేదు. నోరు మూసుకున్నాను. అంతకన్నా ఏం చేశానని చెప్పను!

ఇప్పుడు సంగతేంటంటే — ఐదింటికి పేపర్ల కవరుకి సీలు వేస్తారు. ఈలోగా నువ్వొచ్చి ఇంకో కాగితం మీద మళ్ళీ రాసిస్తే పాతది చింపేస్తానన్నాడు…

జాలా? పిచ్చిదానా. ఒక్కరు తప్పినా బడికి నూటికి నూరు పోతుంది. హెడ్‌మిస్ట్రెస్ బతిమాలుకుంది ఆయన్ని. నీ కోసం కాదు, బోర్డు మీద రాయించుకోవడానికి.

… ఏం రాయాలంటే? అందరూ రాసిందే.

…

ఆ. కంటికి కనిపించిందే రాయాలని నేనే చెప్పాను. ప్రతి క్లాసులో గొంతు చించుకుని చెప్పాను. ఇన్నేళ్ళకి విన్నదానివి నువ్వొక్కదానివి. నిన్నే పిలిచి ఇప్పుడు అబద్ధం రాయమంటున్నాను. సిగ్గు లేదనుకుంటున్నావా నాకు? చచ్చేంత సిగ్గుగా ఉంది.

కానీ ఈ ప్రాక్టికల్ పోతే ప్లస్ టూ పోయినట్టే. మదురైలో కెమిస్ట్రీ డిగ్రీ చదువుతానన్నావు. మీ నాన్న మళ్ళీ రాయిస్తాడా? తీసుకెళ్ళి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కూర్చోబెడతాడు. మీ అక్క వేళ్ళు చూడలేదూ! అక్కడా ఉన్నది కెమిస్ట్రీనే తల్లీ. నీకేం కనిపించిందని మాత్రం ఎవరూ అడగరు.

…

అరసీ?… ఉన్నావా?

… వస్తావా? నిజంగా?… హమ్మయ్య. నడిచే రా, పది నిమిషాలు పట్టదు. గేటు దగ్గరే నిలబడతాను. ఎవరైనా అడిగితే హాల్ టికెట్ మర్చిపోయానని చెప్పు.

ఏంటి?… పచ్చ అంటే ఏ పచ్చా?

ఆకంత పచ్చ కాదు. లేత పచ్చ… లేత అంటే మరీ… పొడి కాదు, పలుకులు పలుకులుగా ఉంటుంది… గాజుముక్కలా, కొంచెం… ఉండు, ఎలా చెప్పను…

చూశానా అంటే?… చూడకుండా చెప్తానా! కాలేజీలో… మా లాబులో…

…

లేదు. నీతో ఎందుకు అబద్ధం. మాదీ ఆడపిల్లల కాలేజీనే. అక్కడా సీసాలో తుప్పే. లేత పచ్చ అని రాసేశాను…

నాకా? ముప్పైకి ముప్పై.

… నీకూ వస్తాయి. రా. పెట్టేస్తున్నాను.