దాని హాజరుకు నా వేలు

నా పేరు, తండ్రి పేరు, చిరునామా పై గడుల్లో రాసుకున్నారు. వయస్సు ఇరవై. వృత్తి చదువు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. నన్నెవరూ పిలిపించలేదు. ఈరోజు ఉదయం 11:40కి నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చి చెబుతున్నాను.

మా కాలేజీలో వేలిముద్ర హాజరు మెషిన్ పెట్టి నాలుగు నెలలైంది. మొదట్లో మాకెవరికీ అది గిట్టలేదు. ప్రాక్సీలకు నూకలు చెల్లాయని ఏడ్చాం. నెల తిరక్కుండానే అలవాటుపడ్డాం. పేర్లు పిలిచే పావుగంట మిగిలింది. పైగా ఫోన్‌కు మెసేజ్ వస్తేగానీ మా అమ్మ నేను కాలేజీకి వెళ్లానని నమ్మదు. అంగీకార పత్రం చదవకుండానే అందరం టిక్కు పెట్టాం. వేలు పడనివాళ్ల సంగతి అందులో లేదు.

నా స్నేహితురాలిని క్లాసులో సబ్బుబిళ్ల అంటారు. ఉదయం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా లాండ్రీలో పనిచేసి, 8:55కి క్లాసుకు వస్తుంది. బ్లీచింగ్ నీళ్లకు దాని వేళ్లు అరిగిపోయాయి. ముద్రలు తీసుకున్న రోజు పది వేళ్లూ పెట్టింది, ఒక్కటీ పడలేదు. మెషిన్ కంపెనీ మనిషి వెనక లైను చూసి విసుక్కుని, ఎవరిదో ఒకటి పెట్టేయమన్నాడు. పక్కన నేనున్నాను. నా ఎడమ బొటనవేలు పెట్టాను. అతను దాని రోల్ నంబరు కొట్టాడు. అప్పుడు నవ్వుకున్నాం. నవ్వకుండా ఉండాల్సింది.

నా బస్సు ఎనిమిదింటికే దింపుతుంది. రోజూ కుడి వేలు నాకు, ఎడమ వేలు దానికి. నాకు జ్వరం వచ్చిన మూడు రోజులూ అది క్లాసులోనే ఉంది. మెషిన్ మాత్రం రాలేదంది.

నిన్న 8:06కి ఎడమ వేలు పెట్టాను. కుడి వేలు పెట్టబోతుంటే కరెంటు పోయింది. బయట టీ తాగి, 8:40కి వచ్చి నాది పెట్టాను. ఆ మధ్యలో ల్యాబ్‌లో ప్రొజెక్టర్ పోయింది. ఎవరు తీశారో నాకు తెలియదు. అప్పటికి మెషిన్‌లో ఉన్న పేరు దానిదొక్కటే. ఈరోజు పదింటికి నా స్నేహితురాలిని స్టేషన్‌కు తీసుకొచ్చారు. వేలు పెట్టింది నువ్వేనా అంటే, నేనేనని ఒప్పుకుందట. నిజం చెబితే నన్ను పరీక్షలకు కూర్చోనివ్వరని దాని భయం. అది ఒప్పుకుందని ప్రిన్సిపల్‌గారు క్లాసులో చెప్పగానే నేను లేచి ఇక్కడికి వచ్చాను. మధ్యాహ్నం రెండింటికి ప్రాక్టికల్ పరీక్ష. రాయకపోతే దానికి ఏడాది పోతుంది.

"అయితే ఎనిమిదింటికి అక్కడున్నది నువ్వన్నమాట" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. నేనేనన్నాను. నా సంచీ, ఇల్లు వెతుక్కోమన్నాను. జ్వరం తేదీలు చెప్పి, దాని ల్యాబ్ రికార్డు చూడమన్నాను. ఆయన ఫోన్ చేస్తే ప్రిన్సిపల్‌గారే ఆ రికార్డు పట్టుకొచ్చారు. మూడు తేదీల్లోనూ ల్యాబ్ మేడమ్ సంతకాలున్నాయి. నిన్న ఎనిమిదిన్నర దాకా అది తన ఎదుటే దుప్పట్లు పిండుతోందని లాండ్రీ యజమానురాలు కూడా చెప్పింది.

మెషిన్ తీసేయమని నేను ప్రిన్సిపల్‌గారిని అడగలేదు. వేలు పడనివాళ్లు సంతకం చేయడానికి పక్కన ఒక కాగితం పెట్టమన్నాను. సోమవారం నుంచి పెడతామన్నారు. నా హాజరు సంగతి కమిటీ చూస్తుందట. చూడనీ.

దాన్ని 1:20కి వదిలారు. వెళ్తూ నా దగ్గర ఆగింది.

"ఎందుకు చెప్పావే? నీ మీదకొస్తుంది కదా."

"వస్తే రానీ. ముందెళ్లి పరీక్ష రాయి."

నాకూ అదే పరీక్ష ఉంది. సంతకం పెట్టి వెళ్లమన్నారు, రేపు మళ్లీ రమ్మన్నారు. వస్తాను.

ఇదంతా నా నోటి మాటే. చదివి వినిపించారు, ఒక్క ముక్క తేడా లేదు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు సమయం 1:35. ప్రిన్సిపల్‌గారి కారు ఇంకా గేటు దగ్గరే ఉంది. నా స్నేహితురాలు ఎక్కకుండా, తలుపు పట్టుకుని నాకోసం నిలబడి ఉంది.

(సంతకం)