అమ్మ పరుపులో దూది

ఫోనెత్తి మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా అన్నయ్యా? నిన్నట్నించీ చేస్తూనే ఉన్నాను. బస్సులో పక్కసీటావిడ నా వంక ఒకటే జాలిగా చూడ్డం! ఎవరో పోయారనుకుంది పాపం.

వద్దు, మంచినీళ్ళేం వద్దు. నాన్న వీధి మొదట్లో ఆటోలో కూర్చున్నాడు. మెట్లెక్కి దిగి మోకాళ్ళు పట్టేశాయి. కాస్త ఆగు నాన్నా, నేను ముందెళ్ళి అన్నయ్య కొట్టు దగ్గర ఉన్నాడేమో చూస్తానని చెప్పి వచ్చాను. తాళమేదీ? పగలగొట్టించావు కదూ? తలుపు బార్లా తెరిచే ఉందిగా!

అబ్బ, ఎంత శుభ్రంగా ఊడ్పించావయ్యా! ఆయన జన్మంతా పరుపులు కుట్టిన కొట్టు. మచ్చుకి ఒక్క దూదిపోగు లేదు. సున్నం కూడా కొట్టించేశావా? తడి ఆరలేదింకా.

సరేలే, అది మనం అనుకున్నదే. ఊపిరితిత్తుల నిండా దూది దుమ్మే, కొట్టు మానకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పలేదూ? మానమంటే ఆయన వింటేనా! అందుకేగా నేను బౌద్ధాలయాలు చూపిస్తానని సెలవు పెట్టి మరీ తీసుకెళ్ళింది. ఈలోగా నువ్వు ఖాళీ చేయించాలని. నేనూ తలూపాను. నిన్నొక్కణ్ణే అనడంలేదు.

ఆ మూలనున్న మూట ఏది?

అదే, నీలం దుప్పట్లో కట్టింది. ఎక్కడ పెట్టావు?

ఏంటీ... చెత్త లారీలోకా?

పాత దూదా? అమ్మ పరుపులో దూది అన్నయ్యా అది! అమ్మ పోయాక ఆ పరుపు విప్పి మూటకట్టి పెట్టుకున్నాడు. నీకు తెలీదా? సరే, నాకు తెలుసుగా, వెళ్ళేముందు నీకో మాట చెప్పచ్చుగా? చెప్పలేదు. పళ్ళపొడితో సహా సర్దాను, మూట మాట మర్చిపోయాను.

అక్కడ ఎంత హుషారుగా ఉన్నాడనుకున్నావు! కొండలో తొలిచిన గదులున్నాయి, సన్యాసులుండేవారట. లోపల రాతి మంచాలు. అన్నీ చేత్తో తడిమి చూసి, "ఇంతమందిలో ఒక్కడికీ పరుపు లేదే! ఇక్కడ కొట్టు పెట్టుంటే ఎప్పుడో మూసుకునేవాణ్ణి" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ పక్క గుడిలో పడుకున్న బుద్ధుడు. ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఉన్నాడు. గైడు కాళ్ళ గురించీ బట్టల మడతల గురించీ చెబుతుంటే ఈయన తల దగ్గరే నిలబడిపోయాడు. "దిండు చూడమ్మడూ! తల ఆన్చినచోట నొక్కుకుపోయినట్టు చెక్కాడు. రాయే కదా ఇది?" అన్నాడు. గైడు నవ్వి, "ఆయన నిద్రపోవడంలేదు తాతా, ప్రాణం విడుస్తున్నాడు" అన్నాడు. "అయితే మాత్రం? అప్పుడే కదయ్యా మెత్తగా ఉండాల్సింది" అన్నాడు నాన్న.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడ్డాడు. దగ్గు. ఎంతసేపటికీ ఆగదే! ఆగాక అన్నాడు, "మీ అమ్మ పరుపులోనూ అలాగే గుంటపడి ఉండేది. నేనెప్పుడైనా దాన్ని సరిచేశానా? ఊరందరికీ కుట్టాను, ఆవిడ పరుపు మళ్ళీ దూది ఏకి నింపమంటే రేపు, రేపు అన్నాను."

తర్వాత తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆయనకి తెలుసన్నయ్యా! ముందునించీ తెలుసు. "ఎన్నడూ లేనిది నన్ను ఊళ్ళు తిప్పుతున్నావంటే ఆమాత్రం తెలీదా? మీ అన్నకియ్యి, తాళం పగలగొట్టద్దను. కొట్టు వద్దంటే వద్దు. ఆ మూట ఒక్కటీ ఉంచమను. ఇంట్లోనే మెల్లిగా కుట్టుకుంటాను. పోయేదాకా దానిమీదే పడుకుంటాను."

అప్పట్నించీ నీకు ఫోన్లు. నువ్వెత్తితేనా!

గుడి బయట బజార్లో పరుపు సంచికని చారల గుడ్డ కొన్నాడు. సూదీ దారం జేబులోనే ఉన్నాయి. విహారానికెళ్ళేవాడు ఎవడైనా సూది తెచ్చుకుంటాడా? బస దగ్గర వరండాలో కూర్చుని, వేలు పొడుచుకుంటూ మూడు పక్కలూ కుట్టేశాడు. నాలుగో పక్క వదిలేశాడు. దూది నింపాక కుట్టాలిగా.

ఏడవకు. ఇప్పుడు ఏడిస్తే లారీ వెనక్కొస్తుందా?

ఇంకోటుంది, అదీ విను. బస్సులో ఆయన పదేపదే అడుగుతున్నాడు, అన్నయ్య ఏమన్నాడు, ఏమన్నాడు అని. తట్టుకోలేకపోయాను. ఫోను చెవిదగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడినట్టు నటించాను. "అన్నయ్య ముందే తీసి పక్కన దాచాడట నాన్నా, అమ్మది కదా అని" అన్నాను.

ఆ మొహం నువ్వు చూసుండాలి. అమ్మ పోయాక అంత వెలుగు చూళ్ళేదు. "నేను చెప్పకుండానే! చూశావా, వాడు పైకలా ఉంటాడు కానీ..." అని దారిపొడుగునా నీ గురించే. చిన్నప్పుడు ఆ దూదిలో దూకేవాడివని, అమ్మ తిట్టేదని.

అదుగో, నాన్న ఆటో దిగాడు. ఆగమంటే ఆగుతాడా! ఆ ఖాళీ పరుపు సంచి భుజాన వేసుకుని వస్తున్నాడు.

నేను చెప్పలేను. తీసుకో, ఈ తాళంచెవి కూడా నీదే. ఎదురెళ్ళు అన్నయ్యా, నిన్ను చూసి అప్పుడే నవ్వుతున్నాడు.