బండోడి ఆపరేషన్ ఎప్పుడు

సెలవు రోజు మధ్యాహ్నం. లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు తాళ్లు తెగి పడిపోయిన ఓ లిఫ్టు గురించి రేపు జరిగే విచారణలో చెప్పవలసిన నాలుగు ముక్కల్నీ ఉదయం నుంచి బట్టీపడుతున్నాడు. నోటికి వచ్చినట్టే వచ్చి జారిపోతున్నాయి. బల్లకి అవతలి చివర అతని భార్య పళ్ల డాక్టరు కోసం మైనంతో దవడ పన్ను చెక్కుతోంది. బల్ల కింద, ఇద్దరి కాళ్ల మధ్య, పదకొండు నెలల కుక్క ఏ విచారణా లేనట్టు నిద్రపోతోంది.

"...పన్నెండో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకి నేను ఆ భవనానికి వెళ్లాను. లిఫ్టు పెట్టె పైకెక్కి నిలబడి, తాళ్లు నాలుగూ చేత్తో తడిమి చూశాను. ఒక్క తీగ కూడా తెగి లేదు. అంతా చూశాకే సంతకం పెట్టాను. ఎలా ఉంది?"

"బాగానే ఉంది. బండోడికి ఆపరేషన్ ఎప్పుడు చేయిద్దాం?"

"ఏంటీ?"

"కుక్కకి. పిల్లలు పుట్టకుండా చేస్తారు కదా, ఆ ఆపరేషన్. ఎప్పుడు చేయిద్దాం అంటున్నాను."

"రేపు విచారణ పెట్టుకుని ఇవాళ కుక్క గోలేంటి నీకు?"

"విచారణ రేపు. కుక్క ఇవాళ కూడా ఇంట్లోనే ఉంది."

"ఇప్పుడే వద్దు."

"మరి ఎప్పుడు?"

"ఏడాదిన్నర నిండనీ. పెద్ద జాతి అది. ఎముకలు గట్టిపడకముందే కోస్తే కీళ్లు పాడైపోతాయి. డాక్టరమ్మే అంది కదా."

"అది పిల్లగా ఉన్నప్పుడు అంది. తర్వాత వెళ్తే వేరే చెప్పింది."

"తర్వాత ఎప్పుడు వెళ్లాం?"

"మీరు రాలేదు, నేను వెళ్లాను. కాళ్లూ మూతీ చూసి, ఇది పెద్ద జాతి కాదమ్మా, కలగలుపు, ఇంతకంటే పెద్దగా పెరగదు, పదో నెలలో చేయించెయ్యొచ్చు అంది. వచ్చి మీకు చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఊఁ అన్నారు."

"నేను ఊఁ అంటే విన్నట్టు కాదని నీకు తెలుసు కదా."

"ఇప్పుడు తెలుసు."

"సరే, మళ్లీ మొదట్నుంచి చెప్తాను, విను. పన్నెండో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకి..."

"తాళ్లు నాలుగా, అయిదా?"

"నాలుగు."

"మొన్న రాత్రి భోజనం దగ్గర అయిదన్నారు."

"కాగితంలో నాలుగనే ఉంది."

"కాగితంలో ఉన్నది కాదు, మీరు చూసినవి."

"నాలుగే. ఎందుకు అలా గుచ్చి గుచ్చి అడుగుతావు?"

"రేపు వాళ్లు అడగరా?"

"అడుగుతారు."

"అందుకే అడిగాను. బాబాయ్‌ని కూడా పిలిచారా రేపటికి?"

"మెకానిక్‌ని పిలవకుండా ఎలా ఉంటారు. నా తర్వాత ఆయనే."

"మీరు చూసినప్పుడు తాళ్లు బాగున్నాయంటే..."

"బాగున్నాయి."

"బాగున్నాయంటే, తర్వాత పాడైనట్టు."

"తర్వాతే అయ్యుండాలి మరి."

"తర్వాత వాటి మీద చెయ్యి వేసింది బాబాయ్ ఒక్కడే."

"నేను ఆయన పేరు ఎత్తను."

"మీరు ఎత్తరు. వాళ్లే ఎత్తుకుంటారు."

"అది నా చేతుల్లో ఉందా? నన్ను అడిగినదానికి నేను చెప్తాను. అంతే."

"ఇరవై ఏళ్ల నుంచి బాబాయ్ అంటున్నారు ఆయన్ని."

"పిలుపే కదా. సొంత బాబాయ్ కాదు."

"బండోణ్ణి చొక్కాలో పెట్టుకుని తెచ్చిచ్చింది ఆయనే."

"తెలుసు."

"వచ్చే ఏడు రిటైరవుతాడు. ఈలోగా ఏదైనా అయితే వచ్చేది కూడా రాదు."

"తెలుసన్నాను కదా. నాకు తెలియనిది ఏదైనా ఉంటే చెప్పు."

"శుక్రవారం ఇంటికి వచ్చాడు."

"ఎవరు? బాబాయ్? ఎందుకు?"

"బండోణ్ణి చూడ్డానికన్నాడు. గుమ్మం దగ్గరే కూర్చుని వాడి చెవులు నిమిరి వెళ్లాడు. లోపలికి రమ్మంటే రాలేదు."

"నన్నేమైనా అన్నాడా?"

"అబ్బాయి సరిగ్గా తింటున్నాడా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"తింటున్నాడన్నాను. తింటున్నారు కదా?"

"తింటున్నాను. ఏం తింటున్నానో తెలీదు కానీ తింటున్నాను."

"ఆ లిఫ్టులో ఉన్నావిడకి ఎలా ఉందట?"

"తీసేశారు."

"ఏం తీసేశారు?"

"కాలు. మోకాలి కిందకి."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"ఇవాళ ఆదివారం. నాకు చెప్పనేలేదు."

"ఏమని చెప్పను? వచ్చాను, చెప్పులు విప్పాను, నువ్వు పళ్లు చెక్కుతున్నావు. కూర్చున్నాను. తర్వాత నిద్రపోయాను."

"నిద్ర పట్టిందా?"

"పట్టింది. అదే నాకు అర్థం కావడం లేదు. ఒక మనిషి కాలు పోయిందని తెలిశాక ఎనిమిది గంటలు నిద్రపోయాను. ఏడుపు రాలేదు, భయం వెయ్యలేదు. నీకు వచ్చిందా ఏడుపు, ఇప్పుడు వినగానే?"

"రాలేదు. చూడండి, చెక్కుతూనే ఉన్నాను. నాలుగింటికి పళ్ల డాక్టరు మనిషిని పంపుతాడు."

"ఇద్దరికీ ఏమైంది?"

"పన్ను పీకే ముందు దవడకి మత్తు ఇస్తారు చూడండి. ఆ లిఫ్టు పడ్డప్పట్నుంచి, ఈ మూడు వారాలూ నాకు ఒళ్లంతా అలాగే ఉంది."

"మత్తు దిగుతుంది కదా ఎప్పుడో ఒకప్పుడు."

"దిగాకే నొప్పి. బండోడి సంగతి తేల్చండి."

"మళ్లీ మొదలుపెట్టావు."

"మీరే చెప్పండి. ఏడాదిన్నరకా, ఏడాదికా, వచ్చే నెలకా?"

"అసలు వాణ్ణి కొయ్యాల్సిన అవసరమేంటి ఇప్పుడు? ఈమధ్య బుద్ధిమంతుడయ్యాడు. గేటు తీస్తే బాణంలా దూసుకుపోయేవాడు, ఇప్పుడు పోవడం లేదు. పక్కింటివాళ్ల ఆడకుక్క కోసం గోడెక్కడం లేదు. దిండ్ల మీదకెక్కి ఆ పిచ్చి వేషాలు వెయ్యడం లేదు."

"ఎప్పట్నుంచి?"

"నెల అనుకో."

"ఎందుకంటారు?"

"వయసొచ్చింది. మగవాడికి కాస్త వయసొస్తే కుదురుకుంటాడు."

"అలాగా."

"నవ్వుతావేం?"

"నవ్వలేదు. నోరు అలా వెళ్లింది. అయితే మీరు వద్దంటున్నది కీళ్ల కోసమా, కుదురుకున్నాడనా?"

"రెండూ."

"ఇంకేమైనా ఉందా?"

"ఉంది. ఆపరేషన్ అంటే ఆస్పత్రివాళ్లు కాగితం ఇస్తారు. కుక్క నా పేరు మీద ఉంది కాబట్టి నన్నే సంతకం పెట్టమంటారు. ఇప్పుడు నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేను. మొన్న పాలవాడి పుస్తకంలో పెట్టబోతే కూడా చెయ్యి ఆగిపోయింది. చాలా?"

"చాలు. అది నిజం చెప్పారు."

"మిగతావి అబద్ధాలా?"

"నేను అనలేదు. పొద్దున్నే వాణ్ణి మీరే కదా తిప్పుతారు?"

"రోజూ. అయిదున్నరకి. వానొచ్చినా మానను. ఈ ఇంట్లో వాడి గురించి నాకు తెలిసినంత నీకు తెలీదు."

"వాడు ముందు, మీరు వెనక."

"వాడు ముందు, నేను వెనక."

"వాడు తోక ఎత్తుకుని నడుస్తాడు."

"జెండాలాగా. అయితే?"

"రోజూ వెనకే నడుస్తారు కదా. ఈమధ్య ఏమీ తేడా కనపడలేదా?"

"ఏం తేడా? పుండేమైనా పడిందా?"

"పుండు మానిపోయింది."

"ఏ పుండు?"

"కిందకి వంగి చూడండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వెల్లకిలా పడుకున్నాడు, బాగా కనపడుతుంది."

"లేపితే మీద పడతాడు."

"లేపక్కర్లేదు. చూడండి చాలు... చూశారా?"

"ఆఁ."

"ఏం కనపడింది?"

"అక్కడ ఏమీ లేదు."

"లేదు."

"ఎప్పుడు చేయించావు?"

"పోయిన నెల."

"నాకు తెలియకుండా..."

"మూడుసార్లు చెప్పానన్నాను కదా. నాలుగోసారి కూడా చెప్పాను, వాణ్ణి తీసుకెళ్లబోయే ముందు."

"పోయిన నెల అంటే, కుట్లూ కట్లూ ఏమైనా ఉండాలి కదా. నేను ఇంట్లోనే ఉన్నాను కదా."

"ఉన్నారు. పది రోజులు వాడు మెడకి ప్లాస్టిక్ గరాటు తగిలించుకుని ఇల్లంతా తిరిగాడు, కుట్లు నాక్కోకుండా. ప్రతి తలుపుకీ గుద్దుకున్నాడు. మీ మోకాలికి కూడా తగిలింది."

"నేనేమన్నాను?"

"అబ్బా అన్నారు."

"ఆ పది రోజులూ వాకింగ్‌కి తీసుకెళ్లలేదా నేను?"

"మొదటి వారం బయటికి పంపొద్దంది డాక్టరమ్మ. తర్వాత మీరే తీసుకెళ్లారు. గరాటుతోనే."

"గరాటుతోనా."

"గరాటుతోనే. వీధిలో పిల్లలు నవ్వుతున్నారు, వేళాకోళం ఎక్కువైపోయింది అని వచ్చి విసుక్కున్నారు. వాళ్లు దేనికి నవ్వారో వెనక్కి తిరిగి చూడలేదు."

"నా సంతకం లేకుండా వాళ్లు ఎలా చేస్తారు? కుక్క నా పేరు మీద ఉంది."

"మీ సంతకంతోనే చేశారు. ఇదిగో."

"ఇదేంటి?"

"ఆస్పత్రి కాగితం. మత్తు ఇవ్వడానికి, కొయ్యడానికి, ఏదైనా జరిగితే అడగం అనడానికి. కింద చూడండి."

"ఇది నా సంతకమే."

"మీదే."

"చదవకుండా పెట్టి ఉంటాను."

"కళ్లు తెరవకుండానే పెట్టారు. నూట మూడు జ్వరం ఆ రోజు. పొద్దుట్నుంచి మంచం దిగలేదు. ఒక్క సంతకం అంటే, దుప్పట్లోంచి చెయ్యి మటుకు బయటికి వచ్చింది."

"నాకు జ్వరమొచ్చిందా?"

"అది కూడా మర్చిపోయారా, లేక మర్చిపోవాలనుకున్నారా? సంతకం కింద తేదీ ఉంది. మీ చేత్తో మీరే వేశారు. చదవండి."

"కనపడుతోంది."

"పైకి చదవండి."

"పన్నెండు."

"మధ్యాహ్నం మూడు గంటలకి మీకు తడిగుడ్డ వేశాను. గడియారం చూసి మాత్ర ఇచ్చాను. ఆ మూడు గంటలకి మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు?"

"మూడు గంటలకి నేను ఆ భవనానికి..."

"చెప్పండి. పొద్దుట్నుంచి చెప్తున్నారు కదా."

"ఎక్కడా నిలబడలేదు."

"లిఫ్టు పైకి?"

"ఎక్కలేదు. ఆ రోజూ ఎక్కలేదు, ఇంకే రోజూ ఎక్కలేదు. జ్వరం తగ్గి ఆఫీసుకి వెళ్లేసరికి బల్ల మీద ఇంత ఎత్తు కాగితాలున్నాయి. నెలాఖరు లోపల పంపాలి. ఏ రోజు వెళ్లాల్సినదానికి ఆ రోజు తేదీ వేసి, కూర్చుని సంతకాలు పెట్టుకుంటూ పోయాను. సెలవు కూడా పెట్టలేదు, డ్యూటీలో ఉన్నట్టే రాసుకున్నాను. అందరం అలాగే చేస్తాం."

"తాళ్లు నాలుగా, అయిదా?"

"తెలీదు."

"చూడలేదు."

"చూడలేదు. ఆ భవనం ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలీదు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిజమైపోతుందని. రాసుకుని బట్టీపడితే నాకే నమ్మకం కుదురుతుందనుకున్నాను. సగం కుదిరింది కూడా. తాళ్లు తడిమినట్టు చేతికి జిడ్డు గుర్తొస్తోంది నాకు."

"రేపు ఏం చెప్తారు?"

"రాసుకున్నదే."

"బాబాయ్?"

"ఆయనకి పెద్దగా ఏమీ చెయ్యరు. వయసు చూసి వదిలేస్తారు."

"వదిలేస్తారా?"

"ఏమో. వదలకపోవచ్చు. చూడు, ఆ రోజు నేను ఇంట్లో ఉన్నానని నీకు తప్ప ఎవరికీ తెలీదు. నిన్ను ఎవరూ అడగరు."

"అడగరు."

"ఈ కాగితానికి ఇంకో కాపీ ఉందా?"

"మీ చేతిలో ఉన్నదే కాపీ."

"అసలుది ఎక్కడుంది?"

"బండోణ్ణి ఆ రోజు వ్యానులో ఎక్కించుకెళ్లింది బాబాయే, దుప్పట్లోంచి వచ్చిన చేతికి పెన్ను అందించింది కూడా ఆయనే. లిఫ్టు పడ్డాక ఆస్పత్రిలో అడిగి తెచ్చుకున్న అసలుది మూడు వారాల నుంచి ఆయన జేబులోనే ఉంది. అబ్బాయే చెప్తాడులే అమ్మా, అని ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు."