రొట్టె పళ్లెం వచ్చేలోపు

కోహ్కా తెలుగు చర్చిలో ఆ ఆదివారం ఒక్క ఫ్యానే తిరుగుతోంది. దాని కిందున్న బెంచీ మీద, క్రిస్మస్ నుంచి మాటల్లేని వదినా ఆడపడుచూ పక్కపక్కనే కూర్చోవలసి వచ్చింది. రొట్టె పంచుకునే ప్రభువు బల్ల మొదలైంది. రొట్టె పళ్లెం ముందు వరుసల్లో చేతులు మారుతోంది.

"నువ్వు తీసుకుంటావేటి?" అంది వదిన, ఉండబట్టలేక.

"లేదు. మనసులో కోపం పెట్టుకుని బల్లలో ఎలాగ చెయ్యేస్తాను? క్రిస్మస్ నుంచీ తీసుకోట్లేదు."

"నువ్వూనా? నేను పళ్లెం వచ్చీలోగా బయటికెళిపోతన్నాను."

"అయితే ఇన్నాళ్లూ ఇద్దరం పస్తేనా వదినా?"

"నీ వల్లే. క్రిస్మస్ విందులో నా పులావులో ఉప్పు లేదని అందరి ముందూ అనీసేవు."

"లేదు గదా మరి."

వదినకి ఒళ్లు మండింది. కానీ పళ్లెం వెనక బెంచీలకి వచ్చేస్తోంది.

"లేదులే," అంది. "ఇంటికెళ్లి తింటే నాకూ తెలిసింది."

"అందరి ముందూ అనకుండా ఉండాల్సింది. మాఫ్ చేసెయ్యి వదినా."

పళ్లెం వచ్చింది. ఇద్దరూ చెరో ముక్కా తీసుకుని కళ్లు మూసుకున్నారు.

కాసేపటికి వదిన మెల్లగా అడిగింది.

"ఉప్పు సరిపోయిందేటి?"

ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బెంచీ మాత్రం ఊగుతూనే ఉంది.