మైనం మూతలు

ఆదివారం మధ్యాహ్నం. వంటింటి వెనక స్టోర్ రూములో అతనూ, అతని భార్యకి అక్కా. గాజు జాడీల్లో ద్రాక్షరసం బుడుక్కు బుడుక్కుమంటోంది. ఏ అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టునైనా ఇట్టే కదిలించే మనిషి, ఈ వేళ వదినగారి ఒక్క ప్రశ్న దగ్గర తనే ఇరుక్కుపోయి తలుపుకేసి చూస్తున్నాడు.

"తలుపుకేసి కాదు మరిదీ, నాకేసి చూడు. ఎందుకు మొదలెట్టావు ఇదంతా?"

"చెప్తున్నాను కదా వదినా, సరదాకి."

"సరదాకి."

"సరదాకే. కొందరు చేపలు పడతారు, కొందరు మొక్కలు పెంచుతారు. నేను ఇది."

"మొక్కలు పెంచొచ్చుగా మరి? నిన్నెవరొద్దన్నారు?"

"మెల్లగా వదినా. మీ చెల్లెలు పడుకుంది."

"ఈ వేళప్పుడా?"

"వారమంతా మిషను తొక్కి అలిసిపోతుంది. ఆదివారం కాస్త కునుకు తీస్తుంది."

"కునుకా! బెల్లు కొట్టాను, గిన్నెలు కదిపాను, దాని మంచం పక్కకి కుర్చీ బర్రున లాక్కుని కూర్చున్నాను. కదిలితే ఒట్టు."

"మంచి నిద్ర పడుతోంది ఈ మధ్య. ఒకప్పుడు రాత్రంతా గోడలు చూస్తూ కూర్చునేది."

"మాట మార్చకు. ఎందుకు?"

"ఖర్చు కూడా కలిసొస్తుంది వదినా. బజారు మూసే వేళకి మెత్తబడ్డ ద్రాక్ష కారుచౌకగా ఇచ్చేస్తారు. ఎలాగూ పారేసే పళ్ళేగా."

"ఎవరికి కలిసొస్తుంది? నువ్వు తాగవుగా!"

"తాగను."

"చుక్క ముట్టవు."

"ముట్టను. మీ చెల్లెలు మానేసిన రోజే నేనూ మానేశాను. నా నోట్లోంచి వాసనొస్తే దానికి మనసు లాగుతుందని."

"తాగని వాడివి, తాగకూడని దాన్ని ఇంట్లో పెట్టుకుని, జాడీలకి జాడీలు వైను చేస్తున్నావా? ఇదేం సరదా అయ్యా! నీకు మతి గానీ పోయిందా?"

"పులియబెట్టడం ఒక శాస్త్రం వదినా. మనసు కుదుటపడుతుంది. రోజంతా లిఫ్టు గోతుల్లో గ్రీజు పూసుకుని ఇంటికొచ్చి, ఆ బుడగల చప్పుడు వింటుంటే…"

"ఆహా. ఆ చప్పుడు వింటూ రోజూ సాయంత్రం మా చెల్లికి ఓ గ్లాసు పోసిస్తావు."

"ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది. 'మా ఆయన బంగారం అక్కా, ఇంట్లోనే చేసి, కొలిచి, తన చేత్తో ఇస్తాడు' అని. ఫోన్లో నవ్వుతూ చెప్పింది."

"బంగారం అందా?"

"మురిసిపోకు! నిన్న వాళ్ళ టైలరింగ్ షాపు యజమానురాలు ఫోన్ చేసింది. నీకు కాదు, నాకు. మిషను సూది దాని చూపుడు వేల్లోంచి దూరి అటువైపుకి వచ్చిందట. 'అరుస్తుందనుకున్నానండీ, నవ్వింది' అందామె. ఇంకోసారి అలా వస్తే ఇంటికి పంపించేస్తానంది."

"వేలికి కట్టు కట్టాను. ఏదో పరధ్యానంలో ఉండి…"

"దగ్గరికెళ్తే గుప్పున వాసన కొట్టిందట!"

"వాసన వస్తుంది వదినా. రాకపోతే ఎలా మరి…"

"రాకపోతే ఎలానా?"

"అంటే… అది కాదు నేనన్నది."

"డాక్టరు ఏమన్నాడో గుర్తుందా? ఆ గదిలో నువ్వూ నేనూ పక్కపక్కనే నుంచున్నాం. ఏమన్నాడు?"

"గుర్తుంది."

"చెప్పు. నీ నోటితో చెప్పు."

"లివర్లో మిగిలింది కొంచెమే, మళ్ళీ మొదలెడితే నా దగ్గరికి తీసుకురాకండి, తెచ్చినా నేను చేసేదేమీ ఉండదు అన్నాడు."

"అది విని కూడా! నీ చేత్తో నువ్వే! నిన్ను నమ్మి, నువ్వున్నావు కదా అని, నేను ఆర్నెల్లుగా ఇటు తొంగి చూడలేదు. వస్తే ఏం చూడాల్సి వస్తుందోనని భయపడి రాలేదు. నాదే బుద్ధి తక్కువ."

"ఇదిగో, ఈ సీసాలోది గ్లాసులో పోశాను, తాగండి వదినా."

"ఏంటి?"

"సాయంత్రం తనకి పోసేది ఇదే. ఒక్క గుక్క తాగండి. తర్వాత ఎంతైనా తిట్టండి, పడతాను."

"నాకేం కొత్త కాదులే, పార్టీల్లో ఓ గ్లాసు పుచ్చుకున్న దాన్నే. ఇటివ్వు… అబ్బబ్బ! గొంతు మండిపోయింది! ఇదేం వైనయ్యా?"

"వైను కాదు. ద్రాక్షరసం."

"ఏంటీ?"

"పులియబెట్టని రసం. కాచి చల్లార్చి, కాస్త వెనిగర్ వేసి, ఆ మంట కోసం మిరియాలు దంచి నానబెట్టి వడకట్టి కలుపుతాను. అంతే. చంటిపిల్లలకి పట్టినా ఏం కాదు, కారానికి ఏడుస్తారంతే."

"అబద్ధం."

"మీ మీద ఒట్టు."

"నా మీద వద్దులే, నేనింకా కొన్నాళ్ళుండాలి. మరి వాసనో?"

"పైన ఒక్క చెంచా అసలుది పోస్తాను. ఉత్త వాసనకి. అందుకే అన్నాను, రాకపోతే ఎలా అని."

"అయ్యో మరిదీ…"

"ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి నెల ఎలా గడిచిందో మీకు తెలీదు. పొద్దు వాలితే చాలు, చేతులు వణికేవి. గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. ఓ రోజు జోరువానలో, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. కాళ్ళు పట్టుకున్నాను. మాటవరసకి కాదు, నిజంగానే పట్టుకున్నాను. 'బయట వద్దు, తేలికపాటిది నేనే ఇంట్లో చేసిస్తాను, రోజుకో గ్లాసు' అన్నాను. నోట్లోంచి ఊడిపడింది. అన్నాక చెయ్యక తప్పుతుందా?"

"అలా మొదలైందా ఈ సరదా."

"అలా మొదలైంది."

"మరి అది నమ్మిందా?"

"నమ్మడమా! బుగ్గలు ఎర్రబడతాయి. మాట ముద్దముద్దగా వస్తుంది. పాటలు పాడుతుంది వదినా, పెళ్ళైన కొత్తలో పాడినవన్నీ! ఉత్త రసం తాగి! మనిషికి నమ్మకం ఎంత పని చేస్తుందో చూడండి. ఈ మధ్య ఇంకా ఇష్టపడుతోంది. నేను డ్యూటీకి వెళ్ళొచ్చేసరికి ఫ్రిజ్‌లో రసం సీసాలు ఖాళీ. చేసింది చేసినట్టు మాయం. రసమేగా, తాగనీ అని ఊరుకుంటున్నాను."

"సూది దిగితే నవ్వింది, అదీ నమ్మకమేనా?"

"అదే అయ్యుంటుంది. ఇంకేముంటుంది? నాకూ ఒక్కోసారి భయమేస్తుంది, మరీ ఇంతలా నమ్మించానేంటా అని."

"నేను బస్సులో నిన్ను తిట్టుకుంటూ వచ్చాను తెలుసా? పైకే తిట్టేశానేమో, పక్కనావిడ లేచి వేరే సీట్లో కూర్చుంది. నన్ను క్షమించు నాయనా. నీలాంటివాణ్ణి పట్టుకుని…"

"వద్దొద్దు, అలా అనకండి. నేనంత మంచివాణ్ణి కాదు."

"ఇంతకంటే ఏం చేస్తారు ఎవరైనా?"

"రోజూ గ్లాసు ఇస్తుంటే రెండు చేతులా అందుకుంటుంది. 'నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో' అంటుంది. నాకు దాని మొహంలోకి చూడబుద్ధి కాదు. టీవీకేసి చూస్తూ ఇస్తాను."

"మోసమైతే అయింది, మంచికే కదా. ఊరికే నిన్ను నువ్వు తినెయ్యకు. సరేగానీ, ఈ జాడీల్లో బుడబుడమంటోందేంటి? ఇదీ రసమేనా?"

"ఆఁ… అది… అది నిజందే."

"నిజందంటే?"

"చప్పుడు వినిపించాలిగా వదినా. పులిస్తేనే బుడగ వస్తుందని దానికీ తెలుసు. బుడగ లేకపోతే అనుమానపడుతుంది. అందుకని నిజంగానే పులియబెడతాను."

"పులిశాక?"

"పారబోస్తాను."

"ఎక్కడ?"

"సింకులో."

"అంతానా?"

"అంతా… దాదాపు."

"మరిదీ."

"మొదట్లో అంతా పారబోశాను, నిజంగా."

"తరవాత?"

"తరవాత ఓసారి బాగా కుదిరింది. సీసా ఎత్తి దీపానికి అడ్డం పెడితే రంగు ఎలా ఉందనుకున్నారు! అడుగున మడ్డి చుక్క లేదు. సింకు దాకా పట్టుకెళ్ళాను. వంపబోతే చెయ్యి రాలేదు."

"అంటే ఇప్పుడు ఈ ఇంట్లో…"

"ఆ ఇనప బీరువాలో. తాళం వేసే ఉంటుంది. తాళంచెవి ఎప్పుడూ నా జేబులోనే, రాత్రి పడుకునేటప్పుడు మాత్రం చొక్కాతో పాటు కొక్కేనికి."

"తాగుబోతు పెళ్ళాన్ని పక్కగదిలో పెట్టుకుని, బీరువా నిండా వైను దాచావా!"

"తాగుబోతు అనకండి."

"నోర్ముయ్యి. నా చెల్లెలు, నా ఇష్టమొచ్చినట్టు అంటాను. నువ్వు తాగవు. దానికి పొయ్యవు. ఎవరికీ ఇవ్వవు. మరెందుకు దాచావు?"

"చూసుకోవడానికి."

"చూసుకోవడానికా!"

"నవ్వితే నవ్వండి. నా బతుకంతా ఎవడో చేసినవి, ఎవడో పాడుచేసినవి బాగుచెయ్యడంతోనే సరిపోయింది. నేనంటూ ఒకటి చేసింది లేదు. ఇది నా చేతుల్లో తయారైంది. మూతల మీద మైనం కరిగించి సీలు వేశాను. ఏడాది దాకా కదపకూడదు, అప్పుడే రుచి ముదురుతుంది. ఆదివారం ఆదివారం తలుపు తీసి, లెక్క చూసుకుని, మూసేస్తాను. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు. తప్పే వదినా. తెలిసే చేశాను. దాని కోసం మొదలుపెట్టాను, నా కోసం ఆపలేకపోయాను. ఇందాకటి నుంచీ ఎందుకు ఎందుకు అంటున్నారే, ఇదీ జవాబు."

"బీరువా తియ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అది లేచేలోపు ఒక్కొక్కటీ సింకులో వంపేద్దాం. నేను పక్కనుంటాను."

"సరే."

"ఏడుస్తున్నావా?"

"లేదు, ఏం లేదు. మీరన్నదే నిజం. పారబోద్దాం. కాకపోతే… ఒక్కటి అడగనా?"

"అడుగు."

"ఎవరూ రుచి చూడలేదు వదినా. నేను కూడా చూడలేదు. ఎలా వచ్చిందో చేసిన నాకే తెలీదు. మీరు ఒక్క గుక్క తాగి చెప్తే చాలు, మిగతావన్నీ నా చేత్తోనే వంపేస్తాను. మళ్ళీ ద్రాక్ష ముట్టను."

"నీ పిచ్చి పాడుగాను. తే."

"ఇదిగోండి, ఇది మొదట కుదిరిన వాటిలోది. ఈ మైనం చూడండి, ఎంత నున్నగా వచ్చిందో, మీ చెల్లెలు కుట్టిన అంచులా. నాకింత బాగా కుదిరిందని గుర్తే లేదు."

"సోది ఆపి తియ్యి. ఏం మైనం ఇది, కొవ్వొత్తిదా?"

"కొవ్వొత్తిదే. అదేంటో, ఈ ఇంట్లో కొవ్వొత్తులు నిలవవు. మొన్ననేగా పెట్టెడు తెచ్చాను, నిన్న కరెంటు పోతే ఒక్కటి దొరికితేనా!"

"పొయ్యి. చాలు, చాలు, ఆపు."

"గబుక్కున మింగెయ్యకండి. కాసేపు నోట్లో ఉంచి, నెమ్మదిగా…"

"తెలుసులే."

"ఎలా ఉంది?"

"ఉండు."

"బాలేదా? పుల్లబడిందా? నిజం చెప్పండి, ఏమీ అనుకోను."

"ఇంకోటి తియ్యి."

"నచ్చిందా! నేననుకుంటూనే ఉన్నాను, ఆ రంగు చూసినప్పుడే…"

"ఇంకోటి తియ్యి మరిదీ. ఆ వెనక వరసలోది. ఊఁ, అదే. ఇలా ఇవ్వు, గ్లాసు అక్కర్లేదు."

"సీసా ఎత్తి తాగేస్తున్నారేంటి? వదినా, ఏమైంది?"

"అసలుదాంట్లో కూడా మిరియాలు వేస్తావా?"

"ఛఛ, అసలుదాంట్లో మిరియాలెందుకు వేస్తాను?"

"రెండింట్లోనూ నీ రసమే, ఆ మిరియాల మంటే మరిదీ… అలా నిలబడిపోకు, పద, ముందు దాన్ని లేపు!"