వాన కూర్చునే చోటు

పెద్దలారా, చిన్నాన్నలారా, వదినలారా, పిల్లలారా!

లోయకు ఈ వైపు వాళ్ళు వచ్చారు. ఆ వైపు వాళ్ళూ వచ్చారు. చుట్టూ తిరిగి ఇక్కడికి చేరాలంటే చీకటితోనే బయలుదేరాలని నాకు తెలుసు. నేనూ నిన్న ఆ దారినే వచ్చాను. తాలూకా కచేరీ నుంచి వచ్చిన అయ్యలకూ దణ్ణం. మా తమ్ముడు దోవ్ శిచాంగ్ కోసం మీరంతా తలకు తెల్లగుడ్డ కట్టుకుని ఈ సిమెంటు గచ్చు మీద కూర్చున్నారు.

నేను ఆ ఇంటికి పెద్ద ఆడపిల్లను. అమ్మ లేదు, నాన్న లేడు. అందుకని నన్ను మాట్లాడమన్నారు. నాకు మాటలు తక్కువ. గ్వాన్‌యిన్ అమ్మవారి ముందు కూర్చున్నా పూసలు తిప్పుతానే గానీ కోరికలు చెప్పుకోను. ఇవాళ కూడా ఏమీ కోరను. జరిగింది చెబుతాను.

ఆ శవపెట్టెలో శిచాంగ్ లేడు. మీకు తెలుసు. వాడి దూది కోటు ఉంది. గుడ్డ బూట్లు ఉన్నాయి. పార ఉంది. లోయ మనకు తిరిగి ఇచ్చింది ఆ పార ఒక్కటే.

మన వన్‌లింగ్ తాలూకా గురించి బడిలో పిల్లలకు ఏం చెబుతున్నారో నాకు తెలియదు. మాకు నాయనమ్మ చెప్పింది ఇది. ఒకప్పుడు ఈ మిట్ట అంతా ఒకటే. బల్లపరుపు నేల, మెత్తని పసుపు మన్ను, ఎటు చూసినా జొన్న, గోధుమ. ఇప్పుడు చూడండి, చీలికలు పేలికలు. మొదట పాత పట్నం పడమటి కోట గుమ్మం లోయలో పడింది. పట్నాన్ని వెనక్కి జరిపారు. తర్వాత నాటకాల అరుగు పడింది. పట్నాన్ని మళ్ళీ జరిపారు. రాజులు వచ్చి పోయారు. దండులు వచ్చి పోయాయి. కరువులు వచ్చి పోయాయి. లోయ ఒక్కటే, వచ్చిందే గానీ పోలేదు.

మనం నేల మీద బతికినవాళ్ళం కాదు. నేలలో బతికినవాళ్ళం. చదును నేలలో నలుచదరంగా గొయ్యి తవ్వి, దాని గోడల్లోకి గదులు తొలుచుకున్నాం. దూరం నుంచి చూస్తే ఊరు కనపడదు. రేగుచెట్ల తలలు, పైకి లేచే పొగ, అంతే. "దొంగల దండుకు మన ఊరు కనపడలేదు గానీ, పన్నులవాడికి మాత్రం ఏ ఏడూ కనపడకుండా పోలేదు" అని నాన్న నవ్వేవాడు.

ప్రతి గొయ్యి ఇంటి వాకిట్లో ఒక ఇంకుడు గుంత ఉండేది. ఎంత వాన పడినా ఆ ఇంటి వాన ఆ ఇంట్లోనే ఇంకేది. కొత్త ఏడాది మొదటి గిన్నె గంజి దానికే. ఇంట్లో మనిషి పోతే, ఇంటి పెద్ద ఆడది గిన్నెడు నీళ్ళు అందులో వంచేది. ఆ నీళ్ళు మెల్లగా దిగి పోయినవాళ్ళ గొంతు తడుపుతాయని మన నమ్మకం. అమ్మకు నేనే పోశాను. నాన్న పోయేనాటికి పోయడానికి చోటు లేదు.

ఎందుకు లేదు? మీకు తెలుసు. అయినా చెబుతాను.

అంతకు ముందు ఒక మాట. నన్ను లోయకు ఆవలి ఊరికి ఇచ్చారు. ఎదురుగా పుట్టిల్లు కనపడుతుంది, వెళ్ళాలంటే పొద్దంతా నడవాలి. కొత్తలో ఏడ్చేదాన్ని. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే అవతలి గట్టు మీద నిలబడి వీడు అరిచేవాడు. "అక్కా! మీ పొయ్యి పొగ మా వైపు వస్తోంది! ఏం వండావో చెప్పు, లేదా నీ పొగ నువ్వు తీసేసుకో!" మా అత్తగారు కూడా నవ్వేసేది. "మీ తమ్ముడికి సిగ్గు లేదే. ఓ రొట్టె విసిరెయ్, నోరు మూస్తాడు" అనేది.

కొన్నేళ్ళకు వాడి మాటలు సగమే వినపడేవి. గాలి ఎక్కువైందనుకున్నాను. తర్వాత వాడు పళ్ళెం వాయించి చెయ్యి ఊపేవాడు. ఆ తర్వాత చెయ్యి మాత్రమే కనపడింది. వాడి గొంతు తగ్గలేదు. నా చెవులూ బాగానే ఉన్నాయి. మధ్యలో లోయ వెడల్పయింది. మిట్ట ఎంత తరిగిందో కొలవడానికి తాలూకా నుంచి మనుషులు వచ్చారట. నన్నడిగితే చెప్పేదాన్ని. ఒక తమ్ముడి కేక వినపడనంత.

ఇక ఆ సంగతి. శిచాంగ్ ఊరి పెద్ద అయ్యాడు. గొయ్యి ఇళ్ళు పూడిస్తే సాగునేల పెరుగుతుంది, పైన ఇటుక ఇళ్ళు వస్తాయి అన్నారు. తప్పేముంది? గోతిలో చెమ్మ. గోతిలో చీకటి. పిల్లనిచ్చేవాళ్ళు గోతిలోకి తొంగి చూసి వెనక్కి పోయేవారు. ముందుగా ఎవరిది పూడ్చాలి అంటే, "మా నాన్నదే" అన్నాడు వీడు. ఊరు చప్పట్లు కొట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. బుల్‌డోజరు వచ్చింది. నాన్న గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ ఒక్కమాటే అడిగాడు.

"ఒరేయ్, రేపు వాన వస్తే ఎక్కడ కూర్చుంటుందిరా?"

"వానకెవరైనా కుర్చీ వేస్తారా నాన్నా!" అన్నాడు వీడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. చుట్ట ఆరిపోయింది. మళ్ళీ ముట్టించుకోలేదు.

వాన వచ్చింది. దానికి కూర్చునే చోటు లేదు. ఇంటింటికీ సిమెంటు వాకిలి, వాకిలికి కాలువ, కాలువలన్నీ కలిసి ఒక పెద్ద తూము, తూము నోరు లోయ అంచున. నా ఇంట్లో బురద ఉండకూడదు, నీళ్ళు అటు పోనీ అని అందరం అనుకున్నాం. ఊరంతటి వానను ఒక్కచోట పోసి, ఆ మెత్తటి మన్నును మనమే కోసుకున్నాం. ముందు మూ తాతగారి బేరి తోట పోయింది. తర్వాత శ్మశానం అంచు పోయింది. నాన్న ఎముకలను శిచాంగ్ ఎత్తి వెనక్కి జరిపాడు. ఇంటికి రాగానే గునపం వెతికి తీశాడని మరదలు చాయ్‌లియెన్ చెప్పింది.

ఆ రోజు నుంచి గునపం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వాకిట్లో సిమెంటు పగలగొట్టి మళ్ళీ ఇంకుడు గుంత తవ్వుకోమన్నాడు. మీరేమన్నారు? కోపం లేకుండానే గుర్తు చేస్తున్నాను. "పెద్దా, పూడ్చమన్నదీ నువ్వే, తవ్వమంటున్నదీ నువ్వే. రేపు మమ్మల్ని చెట్లెక్కి కూర్చోమంటావా?" అన్నారొకరు. "మా కోడలు పట్నం పిల్ల, గుంట చూస్తే దోమలంటుంది. కావాలంటే మా కోడల్నొప్పించు, నీకు గొర్రెను కోస్తాను" అన్నదొక వదిన. వాడు నవ్వి, "గొర్రెను కట్టేసి ఉంచు వదినా, మళ్ళీ వస్తా" అన్నాడట. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు.

చివరికి తన వాకిట్లో తానే తవ్వాడు. మొదటి పెద్ద వానకు గుంత నిండింది. తన గెలుపు చూడమని నాకు ఫోను చేశాడు. "అక్కా, ఇది తాగుతోంది! చప్పుడు విను!" అని ఫోను గుంతలోకి వంచాడు. నేను విన్నాను. తెల్లారేసరికి నేల కుంగింది. వంటింటి గోడ నిలువునా చీలింది. ఆ ఇల్లూ పూడ్చిన ఇంకో గొయ్యి మీద కట్టిందే కదా. భూమి పుట్టినప్పటి నుంచి ఉన్న మన్ను నీళ్ళు తాగి నిలబడుతుంది. మనం నింపిన మన్ను నీళ్ళు తాగి కూలిపోతుంది. ఆ గోడ చూశాక ఊళ్ళో ఇంకెవరు తవ్వుతారు?

వాడు ఆ రోజు నాతో అన్నమాట ఇది. "అక్కా, తవ్వినచోట పూడ్చగలిగాం. పూడ్చినచోట మళ్ళీ తవ్వలేం." జపం చేసుకో అన్నాను. "నువ్వు చెయ్యి అక్కా, నాకు పార అలవాటు" అన్నాడు.

ఈ శరదృతువు ముసురు మీ అందరికీ తెలుసు. ఆగకుండా పడింది. తూము కింద గట్టు లోపలికి తొలుచుకుపోయి, మనం కూర్చున్న ఈ మైదానం వెనక వరకూ వచ్చేసింది. తెల్లవారుతూనే శిచాంగ్ ఇసుక బస్తాలు వేసుకుని బయలుదేరాడు, తూము నోరు మూసి నీళ్ళను తన చేలోకి మళ్ళించాలని. "పంట మునుగుతుంది" అంది చాయ్‌లియెన్. "మునగనీ. కాస్త నేలన్నా తాగుతుంది" అన్నాడు. "గంజి తాగి పో" అంది. "మూత పెట్టు, వచ్చి తాగుతా" అన్నాడు.

మూ తాత తన గుమ్మంలోంచి చూశాడు. వాడు నడుం వంచి బస్తా పెడుతున్నాడు. తాత చుట్ట కోసం తల తిప్పాడు. మళ్ళీ చూస్తే అక్కడ వాడు లేడు. అక్కడ నేలే లేదు.

గంజి మీద మూత అలాగే ఉంది. చాయ్‌లియెన్ తియ్యనివ్వడం లేదు. ఎవరూ బలవంతం చెయ్యకండి.

చలి ముదరకముందే మనల్ని పట్నం అంతస్తుల ఇళ్ళకు మారుస్తున్నారు. పోవాలి. ఇక్కడుండి చేసేదేం లేదు. మీలో ఎవరైనా లేచి, ఇప్పుడైనా అందరం గుంతలు తవ్వుదాం అంటారేమోనని భయంగా ఉంది. అనకండి. వాడు ఉన్నప్పుడు అనవలసిన మాట అది. ఇప్పుడు నేల వినదు. లోయ ఆగదు. మన పిల్లల పిల్లలకు ఈ ఊరి పేరు చెబితే ఎక్కడ అని అడుగుతారు. గాల్లోకి చెయ్యి చూపించాలి.

నేను ఇవాళ ఒక పని మీద వచ్చాను. ఇంటి పెద్ద ఆడదాని పని. ఈ గిన్నెలో నీళ్ళున్నాయి. మా తమ్ముడికి పోయాలి. వాడు పుట్టిన ఇంటి ఇంకుడు గుంతలో పోయాలి. అది ఎక్కడుందో తెలుసా? ఇక్కడే. నాన్న గొయ్యి పూడ్చి, ఊరి మైదానానికని పోసిన ఈ గచ్చు కింద. మూడో వరుసలో చాయ్‌లియెన్ ఉన్న చోట అమ్మ పొయ్యి ఉండేది. నేను నిలబడిన చోట ఆ గుంత. వారం రోజులుగా అమ్మవారిని అడుగుతున్నాను, ఈ నీళ్ళు ఎక్కడ పోయను అని. నిన్న సాయంత్రం ఇక్కడికొచ్చి చూశాక నాకే తెలిసింది.

ఈ నీళ్ళు గచ్చు మీదే పోస్తాను. ఇంకవు. వాలుకు జారి ఆ కాలువలో పడతాయి. కాలువలోంచి తూములోకి, తూములోంచి లోయలోకి. మన వాననంతా అటే పంపాం కదా. ఈ ఒక్క గిన్నె కూడా అటే పోనీ. వాడు అక్కడే ఉన్నాడు.

లేవండి. పిల్లల చేతులు పట్టుకోండి. నీళ్ళు కాలువలోకి దిగి కనపడకుండా పోయేదాకా ఎవరూ మాట్లాడవద్దు.